గోడ అవతలి పాలు

మా ఆవిడ లోపలికి వస్తే పందులు లేవవు. ఇది చిన్న విషయం కాదు. నేను వెళ్తే లేస్తాయి, యజమాని వెళ్తే లేస్తాయి, దాణా బండి చప్పుడు వినపడితే ఇక చెప్పక్కర్లేదు, కొంప మునిగినట్టు అరుస్తాయి. ఆమె తలుపు తోసుకుని అడుగుపెడితే మాత్రం పడుకున్నవి పడుకున్నట్టే ఉంటాయి. ఒక చెవి ఎత్తి, ఓహో నువ్వా అన్నట్టు మళ్లీ దించేస్తాయి. ఇన్నేళ్ల కాపురంలో నేను గుమ్మంలోకి వచ్చినప్పుడు నాకు దక్కిన మర్యాద కూడా దాదాపు అంతే.

మేమిద్దరం పని చేసేది పందుల ఫారంలో. ఊరి చివర, మంచు అందరికంటే ముందు దిగి అందరికంటే ఆలస్యంగా వెళ్లే చోట, పొడుగాటి రేకుల షెడ్లు. నా పని కడగడం. ఒక గది ఖాళీ అయిందంటే గొట్టం భుజాన వేసుకుని గోడలూ నేలా ఊచలూ నీళ్లతో కొట్టి కొట్టి కడుగుతాను. అందుకని తోటివాళ్లు నన్ను వానదేవుడు అంటారు. ఆమెది పురిటి గది, అంటే తల్లి పందులు ఈనే గది, ఉన్న రెంటిలో ఒకటి. ఆమెని అందరూ మంత్రసాని అంటారు. నా పేరులో ఎగతాళి ఉంది, ఆమె పేరులో లేదు. అది నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

ఆ గది మీరు చూడాలి. నడుము ఎత్తు గోడలతో వరసగా అరలు. ఒక్కో అరలో ఒక్కో తల్లి పక్కకి వాలి, లోకంతో పని లేనట్టు పడుకుని ఉంటుంది. మూలన ఎర్ర బల్బు వేలాడుతుంటుంది, దాని వెచ్చదనానికి పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటాయి. ఏ కాలు దేనిదో, ఏ చెవి దేనిదో తెలియదు. పొద్దున్నే బయట మంచు, లోపల ఎర్రటి వెలుగు, ఎండుగడ్డి వాసన, పాల వాసన. కాసేపటికి ఏదో ఒక తల్లి గొంతులోంచి సన్నగా గుర్రు మొదలుపెడుతుంది. పాలు దిగుతున్నాయి, రండి అని పిలుపు. మొదట నిదానంగా, తర్వాత గబగబా. పిల్లలు సగం నిద్రలోనే లేచి తడబడుతూ పరిగెత్తుతాయి. ఒక్కో పిల్లకీ ఒక్కో చన్ను. పుట్టిన రెండు మూడు రోజుల్లోనే పంచేసుకుంటాయి, ఇక పాలు మానేదాకా ఎవరి చోటు వాళ్లదే. ఒక అరలో పిలుపు మొదలైతే పక్క తల్లి అందుకుంటుంది, దాని పక్కది, దాని పక్కది. అలా ఆ శబ్దం గది ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా వెళ్లిపోతుంది. అది వింటూ నిలబడితే నాలాంటి మొరటు మనిషికి కూడా కళ్లు మూతలు పడేవి. పని ఉన్నా లేకపోయినా నేను అటువైపు వెళ్లేవాణ్ణి.

చిక్కల్లా ఎక్కడంటే, చన్నులకి లెక్క ఉంటుంది, పిల్లలకి ఉండదు. ఒక తల్లి చన్నుల కంటే ఎక్కువ పిల్లల్ని ఈనుతుంది. పక్క తల్లి నాలుగైదు ఈని ఊరుకుంటుంది, దాని పాలు వృథాగా పోతుంటాయి. చోటు దొరకని పిల్ల అందరి మధ్యా దూరాలని చూసి, తన్నులు తిని, చివరికి ఓ మూల చేరుతుంది. మూల చేరకముందే మా ఆవిడ పసిగట్టేది. ఎలా అని అడిగితే "మొహం చూస్తే తెలియదూ?" అనేది. నాకు పంది మొహాలన్నీ ఒక్కలాగే కనపడతాయి. ఆ మాట పైకి అంటే ఆ పూటంతా నాతో మాట్లాడేది కాదు.

ఎత్తుకొచ్చి పక్క తల్లి దగ్గర పడేస్తే సరిపోదు. పందికి వాసనే చుట్టరికం. పరాయి వాసన తగిలితే మూతితో కుమ్మి అవతల పడేస్తుంది, కోపం వస్తే కొరుకుతుంది. దానికి మా ఆవిడ సొంతంగా కనిపెట్టిన కిటుకు ఒకటుంది. ఆమెకి మందపాటి గుడ్డ ఏప్రన్ ఉండేది, ముందు వైపు పెద్ద జేబు. కొత్త తల్లి పిల్లల్ని రెంటిని ఆ జేబులో వేసుకునేది, వాటి మధ్య ఈ అనాథని దూర్చేది. మూడింటినీ పొట్టకి హత్తుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ మిగతా పనులు చూసుకునేది. జేబులో అవి వెచ్చగా ఒకదాన్నొకటి రాసుకుని, ఒకదాన్నొకటి తడిపి, కాసేపటికి మూడూ ఒకే వాసన అయ్యేవి. అప్పుడు మూడింటినీ కలిపి తల్లి పక్కన జారవిడిచేది. తల్లి ఒకసారి మూతి ఆనించి చూసి, సరేలే నావే అనుకునేది. మా ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగి కళ్లెగరేసేది.

ఆ ఏప్రన్‌ని మాత్రం ఆ విడత పిల్లలన్నీ పాలు మానేదాకా ఉతికేది కాదు. చేతులు కడిగేది, బూట్లు కడిగేది, బకెట్లు తళతళా తోమేది, ఏప్రన్ దగ్గరికొచ్చేసరికి కొక్కేనికి తగిలించేది. సబ్బు వాసన వస్తే తల్లులు నమ్మవని ఆమె నమ్మకం. కడిగే వృత్తిలో ఉన్నవాణ్ణి కదా, అది చూస్తే నా చేతులు ఊరుకునేవి కావు.

"అది ఇటు తే, ఒక్కసారి నీళ్లు కొడతాను" అనేవాణ్ణి.

"ముందు నీ నోరు కడుక్కో" అనేది.

ఈ పిచ్చి ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఆమె దాచకుండా చెప్పేది. ఆమె పుట్టినప్పుడు వాళ్లమ్మకి పాలు పడలేదు, పైగా జ్వరంతో మంచం పట్టింది. అప్పటికే చంటిపిల్లాడున్న పెద్దమ్మ వచ్చి, వాడితో పాటే ఇదీ అని ఈమెని ఎత్తుకుపోయింది. ఒక పక్క వాడు, ఒక పక్క ఈమె. వాళ్లమ్మ కోలుకుని వచ్చేసరికి ఈమె అమ్మ చంక ఎక్కనని ఏడ్చిందట. "చోటు ఎక్కడో ఒకచోట ఉంటుందయ్యా, ఎత్తుకెళ్లేవాళ్లు ఉండాలి అంతే" అనేది మా ఆవిడ. ఫారంలో ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ ఆ గదిలోనే ఉండిపోయింది. ఆమె వచ్చాక పాలు దొరక్క చచ్చే పిల్లలు దాదాపు లేకుండా పోయాయి. ఆ మాట యజమానే నలుగురిలో చెప్పేవాడు. ఆయనకి మేం చాటుగా పెట్టుకున్న పేరు తొందరబాబు. నిలబడి టీ తాగడం, నడుస్తూ మాట్లాడటం, సగం విని వెళ్లిపోవడం. మనిషి చెడ్డవాడు కాదు, నిలకడ తక్కువ.

ఆ గదికి ఒక్కటే పీడ ఉండేది. పారుడు. పిల్లలు కాస్త ఎదిగేసరికి నీళ్ల విరేచనాలు మొదలయ్యేవి. ఒక అరలో మొదలైతే చూస్తుండగానే గదంతా. అప్పటి పశువుల డాక్టరు చెప్పినట్టు తాగే నీళ్లలో యాంటీబయాటిక్ కలిపేవాళ్లు, తగ్గేది. తర్వాతి విడతకి మళ్లీ వచ్చేది, మళ్లీ కలిపేవాళ్లు. కొన్నాళ్లకి ఆ మందు పని చేయక ఇంకోటి కలిపారు. ఆ తర్వాత జబ్బు రాకముందే, వస్తుందేమోనని, మొదటి రోజు నుంచీ కలపడం అలవాటు చేశారు. అందులో ఎవరికీ ఏ తప్పూ కనపడలేదు. నీళ్లు కాస్త పసుపు రంగులో ఉండేవి, అంతే.

అప్పుడు నేను పడ్డాను.

గొట్టం పట్టుకుని ఉండగానే కాళ్లలో ఓపిక పోయింది. ఇంటికి చేరేసరికి ఒళ్లు కాలిపోతోంది. కడుపు సంగతి చెప్పను, మీరు భోంచేసి ఉంటారు. కడగడం తెలిసినవాడికే ఈ జబ్బు వచ్చింది, మంచిదే అని మొదట్లో జోకులేశాను. తర్వాత జోకులకి కూడా ఓపిక లేకపోయింది. ఆసుపత్రిలో చేర్చారు. ఒక మందు ఎక్కించారు, జ్వరం దిగలేదు. ఇంకో మందుకి మార్చారు, దిగలేదు.

ఆ రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. నేను మంచం మీద లేను. పురిటి గదిలో ఉన్నాను. గది మాత్రం చాలా పొడుగ్గా, చివర కనపడకుండా ఉంది. ఎర్ర బల్బులు వరసగా, దూరం వెళ్లేకొద్దీ చిన్నవైపోతూ ఉన్నాయి. తల్లులన్నీ ఒకేసారి పిలుస్తున్నాయి. నేల మెత్తగా ఉంది, నడుస్తుంటే చప్పుడు లేదు. మా ఆవిడ నా ముందు నడుస్తోంది, ఏప్రన్ జేబులో ఏదో బరువు. ఏమే, ఏంటది అంటే వెనక్కి తిరగదు. ఒక్కో అర దగ్గర ఆగి, గోడ మీద నుంచి ఏదో దింపి, మళ్లీ నడుస్తుంది. నాకు భయం వేయలేదు. ఎంతో హాయిగా ఉంది. నన్ను కూడా ఎక్కడో ఒకచోట దింపుతుందని, నాకోసం ఎక్కడో చోటు ఉండే ఉంటుందని ధీమాగా ఉంది. ఆమె ఆగడం లేదు, నేను అందుకోలేకపోతున్నాను, అదొక్కటే దిగులు.

కళ్లు తెరిస్తే ఆమె మంచం పక్కన కుర్చీలో ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊరికే. ఆమె చేతులు ఊరికే ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. అప్పుడు వేసింది నాకు భయం.

మూడో మందుకి జ్వరం దిగింది. ఆసుపత్రి డాక్టరు మంచం చివర నిలబడి, నా కడుపులో ఉన్నది సాల్మొనెల్లా అనే క్రిమి అనీ, మామూలుగా వాడే మందుల్లో చాలావాటికి అది లొంగడం లేదనీ చెప్పాడు. ఆ మూడోది కూడా పని చేయకపోతే ఏం చేసేవాడో ఆయనకే తెలియదని ఆయన మొహమే చెప్పింది.

"ఇంతకీ మీరు పని చేసేదెక్కడ?" అన్నాడు.

చెప్పాను. ఆయన బయటికి వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు.

ఆ ఫోన్ పుణ్యమా అని ఫారానికి కొత్త పశువుల డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, తక్కువ మాటలు. బూట్లకి గుడ్డ తొడుగులు వేసుకుని ప్రతి గదిలోనూ మెల్లగా, నిద్రలో నడుస్తున్నట్టు అటూ ఇటూ నడిచిందట. నేల మీద ఉన్నదల్లా ఆ గుడ్డకి అంటుతుంది, దాన్ని సంచిలో కట్టి పరీక్షకి పంపుతారు. పంపు గొట్టాలూ తలుపు గడియలూ దూదితో తుడిచింది. కొక్కేనికి వేలాడుతున్న ఏప్రన్ దగ్గర ఆగి, జేబు లోపల కూడా తుడిచింది.

ఫలితాలు వచ్చాక ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. నేనింకా మంచం మీద గంజి తాగుతున్నాను. మా ఆవిడ ఆమెకి కుర్చీ వేసి, తాను గుమ్మంలో కూర్చుంది.

"పెద్ద పందులకి ఈ క్రిమి ఉన్నా పైకి ఏమీ కనపడదు పిన్నీ" అంది డాక్టరమ్మ. "బాగానే తింటాయి, బాగానే ఉంటాయి. పేడలో మాత్రం వస్తుంటుంది. ఏ తల్లికి ఉంటే దాని పిల్లలకి తగులుతుంది. అక్కడే ఆగితే ఒక్క అరతో పోయేది."

"ఆగలేదా?"

"మీరు ఎత్తుకెళ్లారు కదా."

మా ఆవిడ తన అరచేతుల వైపు చూసుకుంది. ఆమె తరఫున నేను అందుకున్నాను. "ఇన్నేళ్లూ నీళ్లలో మందులు పోస్తూనే ఉన్నారుగా డాక్టరమ్మా, అయినా ఎలా మిగిలింది?"

"పోశారు కాబట్టే మిగిలింది బాబాయ్. మందుకి చచ్చేవి చచ్చాయి, చావనివి మిగిలాయి. మిగిలినవే పెరిగాయి. రోజూ నీళ్లలో మందు ఉంటే చివరికి గదిలో ఉండేవన్నీ అలాంటివే. అవి పిన్ని జేబులో చేరి అర అరకీ తిరిగాయి. తిరిగిన చోటల్లా పారుడు, పారుడు వచ్చినప్పుడల్లా మళ్లీ మందు. మీ కడుపులో దొరికిందీ, ఆ జేబులో దొరికిందీ ఒకటే రకం."

"అంటే ఈయనకి ఇచ్చింది నేనేనా?" అంది మా ఆవిడ.

డాక్టరమ్మ తొందరపడి కాదనలేదు. అందుకే నాకు ఆ పిల్ల నచ్చింది. "మీరు మోశారు పిన్నీ. దాన్ని అంత మొండిగా తయారు చేసింది మాత్రం నీళ్లలో మందు పొయ్యమన్న నాలాంటి డాక్టర్లు. అంతా మీ నెత్తిన వేసుకోకండి" అంది.

"నేను ఒక్క పిల్లని కూడా ఊరికే చావనివ్వలేదు" అంది మా ఆవిడ. మా ఇద్దరితో కాదు, గుమ్మం బయట ఎవరో ఉన్నట్టు అటు చూస్తూ.

తొందరబాబు ఈసారి కూర్చుని మాట్లాడాడు. దాంతోనే విషయం ఎంత దూరం వెళ్లిందో నాకు అర్థమైంది. పురిటి గదులు రెండూ మూసేస్తానన్నాడు. తల్లుల్ని అమ్మేసి, పాలు మానిన పిల్లల్ని బయట నుంచి తెచ్చుకుని పెంచుకుంటానన్నాడు. డాక్టరమ్మ ఒక్క విడత గడువు అడిగింది. ఒక గది బాగా కడిగి, క్రిములు చచ్చే మందు చల్లి, పూర్తిగా ఎండనివ్వాలి. తల్లుల్ని ఒళ్లు కడిగి లోపలికి తేవాలి. ఆ గది బూట్లు ఆ గదికే. నీళ్లలో మందు ఉండదు, జబ్బు చేసినదానికి మాత్రమే సూది. ఒక అరలో పుట్టిన పిల్ల ఏ కారణం చేతా గోడ దాటకూడదు. పాలు మాన్పించే రోజు తాను మళ్లీ గుడ్డ తొడుగులతో నడుస్తుంది. క్రిమి లేదని తేలితే ఇక అన్ని గదుల్లోనూ ఇదే పద్ధతి. ఉందని తేలితే ఒక్క పురిటి గదీ ఉండదు.

అంటే అంతా మా ఆవిడ చేతుల మీదికి వచ్చింది. ఆ చేతులు ఏదో చేయడం మీద కాదు, చేయకుండా ఉండటం మీద. ఆ గది పోతే ఆమె ఏమైపోతుందో నాకు తెలుసు. మళ్లీ ఏ షెడ్డులోనో ఊడ్చుకుంటుంది, బతుకుతుంది. కానీ పొద్దున్నే లేచి మంచులోకి అంత వేగంగా నడిచే మనిషి ఇక ఉండదు.

గది నేనే కడిగాను, లేవగలిగిన వెంటనే, నా గొట్టం ఎవరికీ ఇవ్వకుండా. అది ఎండాక మాత్రం నన్ను లోపలికి రానివ్వలేదు. నా కడుపులోంచి ఆ క్రిమి పూర్తిగా పోయిందని పరీక్షలో తేలేదాకా నేను నడవాలోనే ఉండాలి. నడవాకీ గదికీ మధ్య పెద్ద అద్దం. ఆ అద్దం తుడవడం నాకు పనిగా ఇచ్చారు. లోకంలో అంత శుభ్రంగా ఉన్న అద్దం ఇంకోటి ఉండదు.

తల్లులు ఈనాయి. అద్దం ఇవతల నుంచి చూస్తే అంతా నీళ్ల అడుగున జరుగుతున్నట్టు ఉండేది. ఎర్ర వెలుగులో మా ఆవిడ వంగడం, లేవడం, పిల్లల్ని తుడిచి చన్ను దగ్గర పెట్టడం. ముర్రుపాలు అందరికీ అందాయా అని ఒక్కోదాని పొట్ట తడమడం. కొత్త ప్లాస్టిక్ ఏప్రన్, జేబు లేనిది. ఒక అరలోంచి ఇంకో అరలోకి వెళ్లేటప్పుడు బూట్లు క్రిమిమందు తొట్టిలో ముంచి, చేతులు కడిగి, ఆగి, మళ్లీ కడిగి. పిలుపులు మొదలయ్యేవి. అద్దం గుండా అవి వినపడీ వినపడనట్టు వచ్చేవి, నేను గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయేవాణ్ణి.

అద్దానికి దగ్గరగా ఉన్న అరలో తల్లికి చన్నుల కంటే పిల్లలు ఎక్కువ. గోడకి అవతల ఉన్న తల్లి నాలుగే ఈనింది. దాని పొదుగు బిగిసి, చన్నుల చివర్లలో పాలు చుక్కలు కట్టి గడ్డిలోకి జారుతున్నాయి. ఇవతలి అరలో కడగొట్టు పిల్లకి చోటు లేదు. మా ఆవిడ అది రెండో రోజే చూసింది. నేను కూడా చూశాను, ఆమె చూడటం చూసి.

సీసాతో పాలు పట్టవచ్చని డాక్టరమ్మ చెప్పింది, ఒక అరకి వాడిన సీసా ఆ అరలోనే ఉండాలని. మా ఆవిడ అరలోనే కూర్చుని, ఒళ్లో పెట్టుకుని, చుక్కచుక్కగా పట్టింది. తాగేది, కక్కేది. మళ్లీ పట్టేది. బల్బు కిందికి తోస్తే మిగతావి తొక్కేవి. అది పిలుపు వినపడినప్పుడల్లా లేచి నిలబడటానికి చూసేది. తన తల్లి పిలుపుకి కాదు, గోడ అవతలి తల్లి పిలుపుకి. ఎక్కడ ఖాళీ ఉందో దానికి కూడా తెలిసిపోయింది.

మధ్యాహ్నం. అందరూ భోజనానికి వెళ్లారు. పైకప్పు కింద సందుల్లోంచి ఎండ చారలుగా గదిలోకి దిగింది, అందులో గడ్డి నలుసులు తేలుతున్నాయి. గదంతా నిద్రలో ఉంది. మా ఆవిడ ఆ పిల్లని రెండు అరచేతుల్లో ఎత్తుకుని లేచి నిలబడింది. గోడ దగ్గరికి నడిచింది. చేతులు గోడ మీద ఆనించింది. అవతలి తల్లి సరిగ్గా అప్పుడే గుర్రు మొదలుపెట్టింది. పిల్ల తల ఎత్తింది. మూతి గాలిలో అటూ ఇటూ ఆడించి, పాలున్న వైపుకి చాచింది.

అద్దం ఇవతల నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. దింపేయవే అని ఒక మనసు అంది. చేతులు కాస్త కిందికి వంచితే చాలు, అది బతుకుతుంది. వద్దే అని ఇంకో మనసు అంది. ఏ మనసు మాట పైకి అనాలో తెలియక నోరు మూసుకున్నాను. పిలుపు వేగం అందుకుంది, పక్క అరకి పాకింది, గది ఆ చివరకి వెళ్లిపోయింది. ఆమె కదల్లేదు. పిల్ల మూతి గోడ అంచు దాటి ఉంది, కాళ్లు ఇవతల ఉన్నాయి. అలా ఎంతసేపు నిలబడిందో. తర్వాత తల తిప్పి, అద్దంలోంచి నన్ను చూసింది. బట్టలు వదులైపోయి, బుగ్గలు లోపలికి పోయి, కర్రలా ఉన్న నన్ను.

చేతులు వెనక్కి తీసుకుంది. గడ్డిలో కూర్చుని పిల్లని ఒళ్లో పెట్టుకుంది. పిలుపు ఆగిపోయాక కూడా అది చాలాసేపు అటువైపే చూసింది. సాయంత్రం లోపల పోయింది.

ఇంటికి నడుస్తున్నప్పుడు ఆమె ఒక్కటే మాట అంది. "నువ్వు అక్కడ నిలబడి ఉండకపోతే దింపేసేదాన్ని."

ఆ పూట ఆమె ముద్ద ముట్టలేదు. మర్నాడు కూడా. నేను బతికి ఉన్నందుకు సిగ్గుపడటం నా జీవితంలో అదే మొదలు. పంది పిల్లకీ నాకూ పోటీ ఏంటి అని నన్ను నేను తిట్టుకున్నాను కానీ సిగ్గు పోలేదు.

ఆ విడతలో ఇంకొన్ని పోయాయి. మరీ ఎక్కువేం కాదు. రెండోదానికి ఆమె సీసా పట్టింది, గోడ దగ్గరికి వెళ్లలేదు. ఆ తర్వాతిదానికి సీసా కొంచెం ముందే పక్కన పెట్టింది. పారుడు మాత్రం ఎక్కడా కనపడలేదు. డాక్టరమ్మ వచ్చి చూసి, పైకి అనకపోయినా కళ్లతో నవ్వుతోంది. పిల్లలు గుండ్రంగా, నున్నగా ఎదిగాయి. పాలు మానే రోజులు దగ్గరపడ్డాక ఒక పొద్దున, మూల చేరిన ఒక పిల్ల పక్కనే మా ఆవిడ గడ్డి పరుచుకుంటూ వెళ్లిపోయింది. చూసిందనుకున్నాను. మధ్యాహ్నానికి అది కదలడం మానేసింది. నేను అద్దం మీద వేలితో కొట్టి చూపించాను. ఆమె ఇటు వచ్చి, చూసి, పార తెచ్చి దాన్ని ఎత్తి బకెట్లో వేసింది. పిల్లల్ని ఆమె ఎప్పుడూ చేతులతోనే ఎత్తేది, బతికినా చచ్చినా.

డాక్టరమ్మ గుడ్డ తొడుగులతో మెల్లగా నడిచి వెళ్లింది. కొన్నాళ్లకి ఫలితం వచ్చింది. గది శుభ్రం. నా కడుపు కూడా శుభ్రమేనని అదే వారంలో తేలింది. తొందరబాబు అందరికీ టీ తెప్పించి, ఆయన కూడా కూర్చుని తాగాడు. "ఇక రెండు పురిటి గదులూ నువ్వే చూసుకోవాలి. కొత్తవాళ్లకి ఈ పద్ధతి నువ్వే నేర్పాలి. నీలా నిబ్బరంగా ఎవరుంటారు?" అన్నాడు మా ఆవిడతో.

"చూసుకుంటాను బాబూ. నాకు తోడు ఒక మనిషి కావాలి" అందామె.

"ఒకరెందుకు, ఇద్దర్ని ఇస్తా. పని తెలిసినవాళ్లని."

"పని తెలిసినవాళ్లు వద్దు. ఇంకా అలవాటు పడనివాళ్లు కావాలి."

ఆయనకి అర్థం కాలేదు. నాకూ వెంటనే అర్థం కాలేదు. ఆమె టీ గ్లాసు కింద పెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"మొదటి పిల్ల పోయిన రోజు నాకు ముద్ద దిగలేదు బాబూ. మొన్నటిది పోయినప్పుడు ఈయన అద్దం కొడితేగానీ నేను చూడనేలేదు. పారతో ఎత్తాను, చేతులు కడుక్కున్నాను, భోంచేశాను. ఆకలేసి, ఇష్టంగా తిన్నాను. గోడ దాటించకూడదని నేర్చుకున్నాను, అది సరే, దాటించను. కానీ అక్కడితో ఆగడం లేదు. పక్కన ఎవరన్నా ఉండి, ఇదిగో ఇటు చూడు అని నన్ను పిలవాలి. చేసేదేమీ లేకపోయినా సరే, చూడాలి."

తొందరబాబు గడియారం చూసుకోబోయి ఆగిపోయాడు. డాక్టరమ్మ తల దించుకుంది. నా నోరే ముందు లేచింది.

"నేనుంటాను" అన్నాను.

గొట్టం ఇంకొకరికి అప్పగించాను. కొత్త విడతకి ఆ గది బూట్లు వేసుకుని, జబ్బు పడ్డాక మొదటిసారి పందులుండగా అద్దం అవతలికి వెళ్లాను. తల్లులు ఈనాయి, పిలుపులు మొదలయ్యాయి, ఎర్ర వెలుగులో నాకు మళ్లీ కళ్లు మూతలు పడబోయాయి. ఆ వరసలో చివరి అరలో ఒక పిల్ల అందరికంటే వెనక నిలబడి ఉంది, దూరడానికి సందు దొరక్క. సీసాతో పట్టాం. ఇద్దరం వంతులేసుకుని పట్టాం. పాలు లోపల నిలవలేదు.

ఆమె గదికి అవతలి చివర ఇంకో తల్లికి గడ్డి వేస్తోంది. "ఏమే, ఇటు రా" అని పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆమె బూట్లు ముంచుకుని, చేతులు కడుక్కుని, వచ్చి నా పక్కన గడ్డిలో కూర్చుంది. పిల్లని చేతుల్లోకి తీసుకుని, దాని మొహంలోకి చూస్తూ ఉంది. దాని ఊపిరి ఆగేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. తర్వాత ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నం అయింది, నాకు ఆకలి వేస్తోందా అని అడిగింది. లేదన్నాను.

"నాకూ లేదు" అంది.